నింగికెక్కిన నల్లజెండా: అంతరిక్షపు ఓడదొంగల కథల చరిత్ర

అంతరిక్షంలో నౌకలను అడ్డగించి దోచుకొనే దొంగల సాహసగాథలు ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ చౌక పత్రికలలో రూపుదిద్దుకున్నా, వాటి ముడిసరుకు అంతకు రెండువందల యేళ్ల ముందే సముద్ర వాణిజ్య చరిత్రలో సిద్ధమై ఉంది. ఈ కథలలో రాకెట్లూ, కిరణాయుధాలూ, గ్రహాంతర రేవులూ ఎన్ని ఉన్నా వాటిని నడిపించే ప్రశ్న విజ్ఞానశాస్త్రానిది కాదు. వర్తకుడి ఓడ వెళ్లగలిగినంత దూరం రాజ్యపు చట్టం వెళ్లలేకపోయినప్పుడు, ఆ నడిమి జాగాలో ఎవరి మాట చెల్లుతుందన్నదే అసలు ప్రశ్న. ఒక్కొక్క తరం దీనికి ఒక్కొక్క జవాబు చెప్పుకుంది, ఒక కాలంలో గస్తీ అధికారిని నాయకుణ్ణి చేసింది, మరొక కాలంలో దొంగకే పట్టం కట్టింది. విమర్శకులు చాలాకాలం కుర్రకారు కాలక్షేపంగా పక్కన పెట్టిన ఈ సాహిత్యాన్ని ఆ మార్పు వెంట నడుస్తూ చదివినప్పుడు, చట్టం గురించీ స్వేచ్ఛ గురించీ ఆయా కాలాల వారు ఏమి భయపడ్డారో, ఏమి ఆశించారో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

1724లో లండన్‌లో వెలువడిన ఓడదొంగల చరిత్ర ఈ సంప్రదాయానికంతటికీ మూలగ్రంథం. దాని కర్తగా ముద్రించిన కెప్టెన్ చార్లెస్ జాన్సన్ అన్నది మారుపేరేనని పండితులు భావిస్తారు. బ్లాక్‌బియర్డ్, బార్తొలోమ్యూ రాబర్ట్స్, ఆన్ బానీ, మేరీ రీడ్ వంటి వారి జీవితాలను అది ఎంత ఉత్సాహంగా చెప్పిందంటే, ఆ తరువాత వచ్చిన ప్రతి ఓడదొంగ పాత్రకూ ఏదో ఒక అవయవం అందులోంచే వచ్చింది. ఈ దొంగల ప్రసిద్ధికి కారణమైన పెద్ద దోపిడీలలో కొన్ని హిందూ మహాసముద్రంలో, భారతీయ వర్తకం మీద జరిగినవన్న సంగతి మాత్రం తరచుగా మరుగున పడుతుంది. 1695లో హెన్రీ ఎవరీ అనే ఆంగ్లేయుడు, మక్కా యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న ఔరంగజేబు చక్రవర్తి నౌక గంజ్-ఇ-సవాయిని కొల్లగొట్టాడు. ఆ ఓడలోని స్త్రీపురుషులు పడిన బాధకు మొగలు దర్బారు ఆగ్రహించి, సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ మనుషులను నిర్బంధించింది. 1698 జనవరిలో కేరళ తీరానికి దగ్గర్లో క్వేదా మర్చంట్ అనే సరుకు ఓడను పట్టుకున్న విలియం కిడ్‌ను 1701లో లండన్‌లో ఉరితీశారు. ఎక్కడో దూరాన జరిగిన దోపిడీకి రాజధానిలో శిక్ష పడడమన్నది వర్తక సామ్రాజ్యం తన చట్టాన్ని సముద్రం మీదికి చాచిన తీరును చూపే ఘట్టం. తరువాతి అంతరిక్ష గస్తీ కథలన్నిటిలోనూ ఇదే ఘట్టం వేషం మార్చుకొని వస్తుంది.

జాన్సన్ పుస్తకపు రెండో సంపుటం 1728లో వచ్చింది. అందులో మిస్సన్ అనే ఫ్రెంచి కెప్టెన్ మడగాస్కర్ దీవిలో లిబర్టాలియా అనే స్వేచ్ఛా నగరాన్ని స్థాపించినట్లూ, అక్కడ బానిసలకు విముక్తి కలిగించి సంపదను ఉమ్మడి ఖజానాలో ఉంచినట్లూ ఒక వృత్తాంతం ఉంది. చరిత్రకారులకు దానికి ఆధారమేదీ దొరకలేదు కాబట్టి దానిని కల్పన అనే పరిగణిస్తారు. అయినా ఈ కల్పన ప్రభావం నిజమైన ఎవరీ, నిజమైన కిడ్‌ల ప్రభావం కంటే తక్కువది కాదు, ఎందుకంటే దొంగల ఓడ మీద పుట్టిన సమాజం రాజులు ఏలే సమాజం కంటే న్యాయమైనది కావచ్చునన్న ఊహ అక్కడే మొలకెత్తింది, రెండున్నర శతాబ్దాల తరువాత జపాన్‌లో ఒక చిత్రకారుడి చేతిలో అది పూర్తిగా వికసించింది.

పందొమ్మిదో శతాబ్దంలో నౌకాదళాలు బలపడి నిజమైన ఓడదొంగలు తగ్గిపోతున్న కొద్దీ కథలలోని దొంగలు అందగాళ్లయ్యారు. 1814లో బైరన్ రాసిన కోర్సేర్ కావ్యం వెలువడిన మొదటి రోజే పదివేల ప్రతులు అమ్ముడుపోయింది. 1856లో పారిస్ ప్రకటన ద్వారా ఐరోపా రాజ్యాలు ప్రైవేటీరింగును, అంటే రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో శత్రుదేశపు వర్తక ఓడలను దోచుకొనే పద్ధతిని, రద్దు చేసుకున్నాయి. సముద్రం పైన ఆ భయం చల్లారిన పాతికేళ్లకు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తన ట్రెజర్ ఐలండ్‌ను 1881–82లో యంగ్ ఫోక్స్ అనే పిల్లల పత్రికలో ధారావాహికగా ప్రకటించి, 1883లో పుస్తకంగా తెచ్చాడు. బాలకథానాయకుడు, అతణ్ణి ఆకర్షించే దొంగ, నిధి జాడ చెప్పే పటం, ఎవరి ఏలుబడికీ లోబడని దీవి అన్న నాలుగింటినీ ఈ నవల ఒక చోట చేర్చి స్థిరపరిచింది. దీనిని కాంచన ద్వీపం పేరుతో తెలుగు చేసిన నండూరి రామమోహనరావే విశ్వరూపం గ్రంథంలో ఖగోళశాస్త్రాన్ని తెలుగువారికి కథలా చెప్పారు కాబట్టి, ఓడదొంగల దీవీ నక్షత్ర లోకాలూ తెలుగు పాఠకులకు ఒకే కలం నుంచి అందాయి.

నీటి నుంచి నింగికి మధ్య ఒక మజిలీ గాలిలో ఉంది. జూల్స్ వెర్న్ 1886లో సృష్టించిన రోబర్ ఆకాశనౌక మీద తిరుగుతూ ఏ ప్రభుత్వానికీ తలవంచని మనిషి. ఆంగ్ల రచయిత జార్జ్ గ్రిఫిత్ 1895 నాటి నవలలో వాయునౌకల మీద తిరిగే దోపిడీదారులు సముద్రంలోని ఓడలను పైనుంచి కొడతారు. విమానం పుట్టకముందే ఆకాశంలో దొంగ పుట్టాడన్న మాట. కొత్త మార్గం ఏర్పడబోతున్నదన్న ఆశ ఎక్కడ కలిగితే అక్కడికి, ఆ మార్గాన్ని కాచే దొంగ గురించిన ఊహ కూడా వెంటనే చేరుకుంటుంది.

అంతరిక్షపు దొంగను ఒక వర్గపు కథగా, అంటే పాఠకుడు పేరు చూసి కొనుక్కొనే సరుకుగా, స్థిరపరిచినవి అమెరికాలోని పల్ప్ పత్రికలు. చెక్కగుజ్జుతో తయారైన ముతక కాగితం మీద అచ్చై, రంగురంగుల ముఖచిత్రంతో పది ఇరవై సెంట్లకు దొరికే కథల పత్రికలను అలా పిలిచేవారు. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో ప్రారంభించిన అమేజింగ్ స్టోరీస్ పూర్తిగా విజ్ఞాన కల్పనలకే కేటాయించిన మొదటి ఆంగ్ల పత్రిక; 1930 జనవరిలో విలియం క్లేటన్ సంస్థ అస్టౌండింగ్ స్టోరీస్‌ను తెచ్చింది. ఆ పత్రిక తొలి సంపాదకుడు హ్యారీ బేట్స్ తరువాత చెప్పిన ప్రకారం, క్లేటన్ తన పత్రికలన్నిటి ముఖచిత్రాలనూ ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చు వేయించేవాడు, అందులో మూడు గళ్లు ఖాళీగా మిగిలిపోతున్నందువల్ల కొత్త పత్రికలు పెడితే వాటి ముఖచిత్రాల అచ్చు చౌకలో తేలిపోతుందన్న లెక్క ఈ పత్రిక పుట్టుకకు ఒక కారణం. క్లేటన్ అప్పటికే కౌబాయ్ కథలూ, అపరాధ పరిశోధనలూ, సాహసగాథలూ అమ్ముతున్న వ్యాపారి; గెర్న్స్‌బాక్ మాటకు అర సెంటు చొప్పున, అదీ అచ్చయ్యాక, ఇస్తుంటే క్లేటన్ కథ ఒప్పుకోగానే మాటకు రెండు సెంట్లు ఇచ్చాడు. అందువల్ల అంతకుముందు గుర్రాల మీదా పడవల మీదా వెంటాటలు రాసి బతికే రచయితలు అదే చేయితో గ్రహాల మధ్య వెంటాటలు రాయడానికి కూర్చున్నారు. అంతరిక్షపు ఓడదొంగ పుట్టుకలో కల్పనాశక్తికి ఎంత పాలుందో ఈ ముద్రణాలయపు లెక్కకూ అంత పాలుంది.

కొత్త పత్రిక మూడో సంచికలోనే, 1930 మార్చిలో, రే కమ్మింగ్స్ రాసిన బ్రిగాండ్స్ ఆఫ్ ది మూన్ ధారావాహిక మొదలైంది. చంద్రుడి మీద దొరికిన రేడియం ఖనిజాన్ని దారిలో ఆగి తీసుకురావలసి ఉన్న ప్లానిటారా అనే ప్రయాణీకుల నౌకలో తిరుగుబాటు చెలరేగడం, నౌక దొంగల పాలు కావడం, చంద్రతలం మీద ముట్టడి జరగడం ఇందులోని కథ. ఓడలోని మనుషులలోనే దొంగల మనుషులు కలిసి ఉండడం స్టీవెన్‌సన్ నుంచి నేరుగా వచ్చిన ఏర్పాటు. బంగారానికి బదులు రేడియం ఎందుకు వచ్చిందన్నదానికి మాత్రం ఆ కాలంలోనే సమాధానం ఉంది: 1921లో అమెరికన్ మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి బహూకరించిన ఒక్క గ్రాము రేడియం ఖరీదు లక్ష డాలర్లు. ఒక మనిషి చేతిలో పట్టే పరిమాణంలో ఒక రాజ్యపు ఖజానా ఇమిడే పదార్థం వార్తాపత్రికలలో రోజూ కనిపిస్తున్నప్పుడు, అంత దూరం వెళ్లి దోచుకోవడానికి ఏముంటుందన్న చిక్కు ప్రశ్నకు రచయితలకు సులువైన జవాబు దొరికింది. దోపిడీ సొత్తును బట్టి కథ కాలాన్ని గుర్తించవచ్చు. 1969 నాటి డాక్టర్ హూ టెలివిజన్ కథలో అది అరుదైన లోహం, 1984 నాటి ఐస్ పైరేట్స్ చిత్రంలో అది తాగునీరు.

ఈ తొలినాళ్ల కథలలోని వర్ణవివక్షను దాచిపెట్టి చరిత్ర చెప్పడం న్యాయం కాదు. 1931 నవంబరులో అస్టౌండింగ్‌లో మొదలైన హాక్ కార్స్ కథలను సంపాదకుడు బేట్స్, అతని సహాయకుడు డెస్మండ్ హాల్ కలిసి ఆంథనీ గిల్మోర్ అన్న పేరుతో రాశారు. వాటిలో నాయకుడు తెల్లవాడు, అతనికి విశ్వాసంగా సేవచేసే నల్లజాతి అనుచరుడి పేరు ఫ్రైడే, ప్రతినాయకుడైన కూ సూయి ఆసియా రక్తం కలిసిన మేధావి. సముద్రపు కథలు వలస సామ్రాజ్యపు మనుషుల నిచ్చెనను ఎలా అంగీకరించాయో, అంతరిక్షపు కథలు ఆ నిచ్చెననే శనిగ్రహం దాకా మోసుకుపోయాయి. వేల యేళ్ల భవిష్యత్తును ఊహించగల రచయితలు పక్కవీధిలోని మనిషిని సాటిమనిషిగా ఊహించలేకపోవడం ఈ సాహిత్యపు అతిపెద్ద లోపం, దానిని కాలదోషమని సరిపెట్టడానికి వీలులేదు.

అదే పత్రికలో 1935 నవంబరులో వచ్చిన స్టాన్లీ వీన్‌బామ్ కథ ది రెడ్ పెరీ దీనికి భిన్నమైన మెట్టు. ఇందులోని దొంగల నాయకి ఒక యువతి, ఆమె స్థావరం ప్లూటో మీద ఉంటుంది. క్లైడ్ టాంబా ప్లూటోను కనుగొన్నది 1930లో, అంటే ఆరేళ్లు తిరగకముందే సౌరమండలపు కొత్త అంచు దొంగల రేవుగా మారిపోయింది. ఆకాశపటంలో చేరిన ప్రతి కొత్త చుక్కనూ దొంగకు అప్పగించే ఈ అలవాటు పాత నావికుల పటాలలో కొత్త దీవులకు పట్టిన గతినే గుర్తుచేస్తుంది. పీడన దుస్తులు లేకుండా మనిషి కొద్ది క్షణాలు శూన్యంలో బతకగలడన్న ఊహను కథాగమనానికి కీలకం చేసిన తొలి రచనలలో ఇది ఒకటి. రచయిత అదే సంవత్సరం డిసెంబరులో, ముప్ఫై నాలుగేళ్లు నిండకుండానే మరణించాడు.

ఈ సంప్రదాయానికి శిఖరమనదగిన రచయిత ఇ. ఇ. స్మిత్. రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన ఈయన వృత్తిరీత్యా పిండిమిల్లులకు పనిచేసే ఆహార రసాయనవేత్త. డోనట్ అనే తీపి వంటకానికి కావలసిన పిండి మిశ్రమాలను రూపొందించడం ఆయన ప్రత్యేకత. 1934 జనవరి నుంచి ఏప్రిల్ వరకు అమేజింగ్‌లో వచ్చిన ట్రైప్లానెటరీలో గ్రే రోజర్ అనే దొంగ, మనుషులు నిర్మించిన ఒక కృత్రిమ గ్రహాన్ని స్థావరంగా చేసుకొని ప్రయాణీకుల నౌకలను అదృశ్యంగా వేటాడుతాడు. అంతకంటే ముఖ్యమైనది 1937 సెప్టెంబరు నుంచి 1938 ఫిబ్రవరి దాకా అస్టౌండింగ్‌లో వచ్చిన గెలాక్టిక్ పెట్రోల్. నక్షత్రాల మధ్య శాంతిని కాపాడే గస్తీదళానికి బోస్కోన్ అనే పేరుతో వ్యవహరించే దొంగలు ఎదురవుతారు. వారి నౌకల వేగం గస్తీ నౌకల వేగాన్ని మించిపోవడంతో, వారి శక్తికి మూలమేమిటో తెలుసుకోవడానికి ఒక దొంగ నౌకను పాడుచేయకుండా పట్టుకొమ్మని కిమ్‌బాల్ కిన్నిసన్ అనే యువ అధికారిని బ్రిటానియా నౌకతో పంపుతారు.

ఆ నౌకను పట్టుకొనే ఘట్టాన్ని దగ్గరగా చూస్తే స్మిత్ చేసిన పని ఏమిటో తెలుస్తుంది. ఈ కథలలో నౌకలు జడత్వాన్ని, అంటే వస్తువు తన కదలికలో మార్పును నిరోధించే గుణాన్ని, పోగొట్టుకొని కాంతివేగాన్ని మించి పరిగెత్తుతాయి; అలాంటి వేగంలో ఒక నౌక మరొకదాన్ని ఎలా ఆపగలదన్నది మొదటి చిక్కు. దానికి స్మిత్ ట్రాక్టర్ కిరణాన్ని ప్రయోగించాడు. రెండు నౌకలనూ కంటికి కనిపించని పగ్గంతో బిగించే ఈ కిరణం, పూర్వం ఓడదొంగలు ఎదుటి ఓడ అంచుకు విసిరిన కొక్కేల తాడు చేసిన పనినే చేస్తుంది. తరువాత గస్తీ సైనికులు ఎదుటి నౌకలోకి దూకుతారు, అక్కడ కిరణాయుధాలను నిలువరించే కవచాలు ఇరుపక్షాలకూ ఉన్నందువల్ల యుద్ధం గొడ్డళ్ల మీదికి వస్తుంది. అధిక గురుత్వం గల గ్రహంలో పుట్టి పెరిగిన వాన్‌బస్కిర్క్ అనే మహాకాయుడూ అతని వారూ అంతరిక్ష గొడ్డళ్లతో ఇనుప తొడుగులను చీల్చుకుంటూ పోతారు, వారి వెనుక వచ్చిన ఇంజనీర్లు దొంగల యంత్రాలను పరిశీలించి తాము చూసినదంతా నమోదు చేసుకుంటారు. ఇక్కడ నిధి అంటే ఆ సమాచారమే. దానిని నమోదు చేసిన చుట్టలకు ప్రతులు తీసి, ఇద్దరిద్దరు చొప్పున ప్రాణరక్షక పడవలలో నలుదిక్కులకూ చెదిరిపోయి, ఎవరో ఒకరైనా స్థావరానికి చేరాలన్న ఆశతో బయలుదేరడం నవలలోని అత్యంత ఉత్కంఠభరితమైన భాగం. దొంగల ఓడ మీద దాడి చేసి యంత్ర రహస్యాన్ని ఎత్తుకురావడంలో గస్తీదళం దొంగల విద్యనే ప్రదర్శిస్తుందన్నది గమనించదగిన విషయం.

కథ ముందుకు సాగేకొద్దీ బోస్కోన్ దొంగల ముఠా కాదనీ, తనదైన నీతి, పరిపాలన, మాదకద్రవ్యాల వ్యాపారం గల ఒక ప్రత్యర్థి నాగరికత అనీ బయటపడుతుంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో అమలైన మద్యనిషేధం, దాని చాటున పట్టణాలకు పట్టణాలను చేతిలోకి తీసుకున్న ముఠాలు, లంచాలకు లొంగిన అధికారులు అప్పటి పాఠకుల అనుభవంలోని సంగతులు. లొంగని అధికారి ఒక్కడైనా ఉండాలన్న వారి తపనకు స్మిత్ ఇచ్చిన రూపమే లెన్స్, అంటే ధరించినవాడు తప్ప మరొకడు తాకితే ప్రాణం తీసే, ఎవరూ నకలు చేయలేని మణికట్టు ఆభరణం. అందువల్ల 1930ల అంతరిక్ష చౌర్య కథలు పైకి దొంగల కథలుగా కనిపించినా, నిజానికి అవి నమ్మదగిన పోలీసును వెతుక్కున్న కథలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఈ తరహా కథల మీద విసుగు మొదలైంది. విల్సన్ టక్కర్ అనే రచయిత 1941లోనే మూసపోసిన అంతరిక్ష సాహసగాథలకు స్పేస్ ఒపేరా అన్న పేరు ఎద్దేవాగా పెట్టాడు, అది తరువాత గౌరవవాచకమే అయింది. 1950 అక్టోబరులో గెలాక్సీ పత్రిక తొలి సంచిక వెనుక అట్ట మీద, ఒక కౌబాయ్ కథ ప్రారంభాన్నీ అవే వాక్యాలలో గుర్రాన్ని తీసి రాకెట్టును పెట్టిన మరో ప్రారంభాన్నీ పక్కపక్కన అచ్చువేసి, ఇలాంటివి తమ పత్రికలో దొరకవని ప్రకటించారు. ఈ విమర్శలో నిజముంది, కానీ పూర్తి నిజం లేదు. పాత కథను కొత్త చోటికి మార్చినప్పుడు ఆ చోటు కథను ఎంతో కొంత మార్చక మానదు.

ఐజాక్ అసిమోవ్ 1953లో పాల్ ఫ్రెంచ్ అన్న మారుపేరుతో పిల్లల కోసం రాసిన లక్కీ స్టార్ అండ్ ది పైరేట్స్ ఆఫ్ ది ఆస్టరాయిడ్స్ దీనికి మంచి నిదర్శనం. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య సూర్యుని చుట్టూ తిరిగే చిన్న శిలలను, 1801లో పియాజీ కనుగొన్న సీరిస్ మొదలుకొని లెక్కించే గ్రహశకలాలను, అసిమోవ్ కరీబియన్ దీవులకు బదులుగా వాడుకున్నాడు. అయినా ఇద్దరు మనుషులు శూన్యంలో తలపడే ద్వంద్వయుద్ధంలో ఆయన కత్తులు పెట్టలేదు. వాయువును చిమ్మే గొట్టాలతో ఒకరినొకరు నెట్టుకొనేటట్లు రాశాడు. గాలి వదిలిన ప్రతిసారీ వదిలినవాడు కూడా వెనక్కు కొట్టుకుపోతాడు కాబట్టి, గెలుపు బలవంతుడిది కాక చర్యా ప్రతిచర్యల లెక్క తెలిసినవాడిది అవుతుంది. ఈ దొంగల వెనుక సిరియస్ నక్షత్రపు వలసరాజ్యం ఉండడం, అనుమతి పత్రాల నాటి ప్రైవేటీరును ప్రచ్ఛన్నయుద్ధ కాలానికి తగినట్లు తిరిగి తెచ్చింది. 1959 ఫిబ్రవరి అస్టౌండింగ్ ముఖచిత్రం మీద ఫ్రాంక్ కెల్లీ ఫ్రీస్ చిత్రించిన దొంగ, నోట కత్తికి బదులు స్లైడ్ రూల్, అంటే ఇంజనీర్లు గుణకార భాగహారాలకు వాడే జారుడు కొలబద్ద, కరచుకొని నౌకలోకి ఎక్కుతుంటాడు. లోపల ఉన్నది మరీ లెయిన్‌స్టర్ నవల, అందులో నాయకుడు దొంగల గ్రహంలో పుట్టి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కావాలనుకున్న యువకుడు.

ఈ కథలకు పెద్ద దెబ్బ విమర్శకుల నుంచి కాక రోదసీ నౌకల నుంచే తగిలింది. 1962 డిసెంబరులో మారినర్ 2 శుక్రుడు కొలిమి వంటి వేడి గ్రహమని తేల్చింది; 1965 జూలైలో మారినర్ 4 పంపిన ఇరవైకి పైగా చిత్రాలలో అంగారకుడు గోతులతో నిండిన ఎడారిగా కనిపించాడు; దానితో కాలువల ఒడ్డున దొంగలు సరుకు మార్చుకొనే అంగారక రేవులు మూతపడ్డాయి. అంతకు నెల ముందు, 1965 జూన్‌లో, జెమినై 4 నౌకలో జేమ్స్ మెక్‌డివిట్ తమను కక్ష్యలోకి చేర్చిన రాకెట్టు అంచెను సమీపించడానికి దానివైపే నౌకను నడిపించగా అది దగ్గరకు రావడానికి బదులు దూరమైంది. కక్ష్యలో ముందుకు వేగం పెంచిన నౌక పైకక్ష్యలోకి ఎక్కుతుంది, పైకక్ష్యలో చుట్టు తిరిగే కాలం ఎక్కువ కాబట్టి ముందున్నదాని కంటే వెనుకబడుతుంది. ఇంధనం తరిగిపోతుండడంతో ఆ ప్రయత్నాన్ని విరమించారు. తనంతట తాను పారిపోని వస్తువును కలుసుకోవడానికే ఇన్ని లెక్కలు అవసరమైనప్పుడు, పారిపోయే నౌకను తరిమి పట్టుకోవడమన్న కథల వెంటాట ఎంత దూరపు మాటో తేలిపోయింది. 1972–73లో గ్రహశకలాల పట్టీని పయనీర్ 10 ఏ దెబ్బా తగలకుండా దాటడంతో, రాళ్లు కిక్కిరిసిన దొంగల స్థావరమన్న చిత్రం కూడా చెదిరింది. అసిమోవ్ 1970లలో తన పిల్లల నవలల పునర్ముద్రణలకు ముందుమాటలు రాసి, తరువాత తెలిసిన ఖగోళ సత్యాలను నిజాయితీగా పాఠకుల ముందుంచాడు.

దొంగలు సౌరమండలం వదిలి దూరనక్షత్రాలకు తరలిపోయారు. బీబీసీ డాక్టర్ హూ ధారావాహికలో 1969 మార్చి, ఏప్రిల్ నెలలలో వచ్చిన ది స్పేస్ పైరేట్స్‌లో దొంగలు దారిదీపాల వంటి అంతరిక్ష సూచికలను పేల్చి వాటిలోని అర్గొనైట్ అనే ఊహాలోహాన్ని ఎత్తుకుపోతారు. ఆరు భాగాలలో ఇప్పుడు రెండో భాగపు చిత్రం మాత్రమే మిగిలి ఉంది. 1977లో స్టార్ వార్స్ సినిమా హాన్ సోలోను, అప్పులపాలైన దొంగరవాణాదారుణ్ణి, ప్రపంచమంతటికీ ఇష్టుణ్ణి చేసింది.

అదే 1977లో జపాన్‌లో లెయిజి మాత్సుమోతో ప్లే కామిక్ పత్రికలో మొదలుపెట్టిన కెప్టెన్ హార్లాక్ మాంగా, అంటే బొమ్మల ధారావాహిక, ఈ చరిత్రను తలకిందులు చేసింది. మాత్సుమోతో 1938లో కురుమేలో పుట్టాడు, తండ్రి యుద్ధంలో సైనిక విమాన చోదకుడు. ఓడిపోయిన దేశపు బాల్యం ఆయన కథలన్నిటిలో కనిపిస్తుంది. 2977 సంవత్సరంలో భూమి మీది మనుషులు యంత్రాల సేవలకు అలవాటుపడి బద్ధకించి, మాజోన్ అనే వృక్షజాతి స్త్రీల దండయాత్ర ముంచుకొస్తున్నా హెచ్చరికలు వినిపించుకోరు. ప్రభుత్వం వెలివేసి వెంటాడుతున్న దొంగ హార్లాక్ ఒక్కడే, తనను ద్వేషించే భూమి కోసం పోరాడతాడు. 1978 మార్చి నుంచి 1979 ఫిబ్రవరి దాకా తోయే సంస్థ నిర్మించిన నలభై రెండు భాగాల యానిమేషన్ ధారావాహికకు రింతారో దర్శకుడు.

హార్లాక్ నౌక ఆర్కేడియాను గీసిన తీరులో ఈ సంప్రదాయమంతా కుదురుకొని ఉంది. ముందుభాగం ఫిరంగి గోపురాలతో ఇరవయ్యో శతాబ్దపు యుద్ధనౌకలా ఉంటుంది. వెనుకభాగం మాత్రం తెరచాపల కాలపు ఓడల వెనుక ఎత్తుగా ఉండే చెక్క మేడలా, కిటికీలతో సహా ఉండి, దాని మీద పుర్రె, ఎముకల జెండా గాలి లేని శూన్యంలో రెపరెపలాడుతుంది. నౌకాధ్యక్షుడి ముందు గుండ్రని చెక్క చుక్కాని ఉంటుంది, నౌకను నడిపే కంప్యూటరులో హార్లాక్ చనిపోయిన మిత్రుడు తోచిరో ఆత్మ ఉంటుంది. ఈ వివరాలలో ఒక్కదానికీ భౌతికశాస్త్రపు సమర్థన లేదు, మాత్సుమోతో అలాంటి సమర్థనను వెతకనూ లేదు. స్మిత్ కొక్కేల తాడును కిరణంగా మార్చి శాస్త్రానికి దగ్గర చేయాలని ప్రయత్నిస్తే, మాత్సుమోతో చుక్కానిని చుక్కానిగానే ఉంచి, అది ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను ముందుకు తెచ్చాడు. ఆ ఓడలోని నలభై మంది పోరు లేనప్పుడు నిద్రపోతారు, తాగుతారు, ఎవరి వ్యసనం వారిది. ఎవరూ ఎవరికీ ఆజ్ఞాబద్ధులు కారు, ఇష్టపడి వచ్చినవారే. లిబర్టాలియా కల్పించిన సమాజం ఇదే. 1980లో ఈ ధారావాహిక అల్బాటార్ పేరుతో ఫ్రాన్స్ టెలివిజనులో ప్రసారమై అక్కడ ఒక తరం బాల్యంలో భాగమైంది. ఈ కథలన్నిటిలోకీ గాఢమైనది హార్లాక్ అనడానికి సందేహించనక్కరలేదు, ఎందుకంటే చట్టం చేరని చోటు గురించి మొదలైన ప్రశ్నను అది చట్టమున్న చోట మనుషులు ఏమైపోయారన్న ప్రశ్నగా తిప్పింది.

1984లో ఇంగ్లండులో డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు బీబీసీ మైక్రో అనే గృహ కంప్యూటరు కోసం తయారుచేసిన ఎలైట్ ఆట, దొంగ కావాలా వద్దా అన్న ఎంపికను పాఠకుడి చేతికే ఇచ్చింది. ఒక్కొక్కదానిలో 256 గ్రహాలున్న ఎనిమిది నక్షత్రమండలాలలో ఆటగాడు సరుకులు కొని అమ్ముకోవచ్చు, వర్తకులను కొట్టి వారి సరుకును ఏరుకోవచ్చు, బానిసలనూ మాదకద్రవ్యాలనూ రవాణా చేసి పోలీసు నౌకల కంట పడవచ్చు. అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ప్రతి గ్రహానికీ ఒక పరిపాలనా పద్ధతిని కేటాయించడం. అరాచకం ఉన్న గ్రహాల దారిలో దొంగలు ముసురుతారు, సంస్థల ఏలుబడిలోని గ్రహాల దారి నిరపాయంగా ఉంటుంది. చౌర్యం దుష్టుల స్వభావం నుంచి కాక పరిపాలనా లోపం నుంచి పుడుతుందన్న చరిత్రకారుల అవగాహన ఆ కొద్దిపాటి కంప్యూటరు జ్ఞాపకశక్తిలో లెక్కలుగా ఇమిడిపోయింది.

కథల పక్కనే నిజమైన చట్టం కూడా తయారైంది. 1967 అక్టోబరులో అమలులోకి వచ్చిన బాహ్యాంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ చంద్రుణ్ణి గానీ ఇతర ఖగోళ వస్తువులను గానీ తన సొంతమని ప్రకటించుకోరాదన్నది, అయితే ఏ దేశంలో నమోదైన నౌక మీద ఆ దేశపు అధికారమే చెల్లుతుందన్నది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందంలోని 101వ అధికరణం చౌర్యాన్ని నిర్వచిస్తూ, ప్రైవేటు నౌకలోని వారు తమ సొంత ప్రయోజనం కోసం బహిరంగ సముద్రంలో మరొక నౌక మీద జరిపే దౌర్జన్యమో దోపిడీయో అయి ఉండాలంది. ఆండీ వెయిర్ నవల ది మార్షియన్‌లో అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న మార్క్ వాట్నీ, ఎవరికీ చెందని ఆ నేలను బహిరంగ సముద్రంతో పోల్చి, అనుమతి అందేలోగా తరువాతి యాత్ర కోసం ఉంచిన నౌకలోకి ప్రవేశించబోతున్నాను కాబట్టి తాను అంతరిక్షపు ఓడదొంగనని ఉత్సాహంగా వాదించుకుంటాడు. 101వ అధికరణంతో కొలిస్తే ఆ వాదన నిలవదు: వాట్నీ ప్రైవేటు నౌక నాయకుడు కాదు, ఎవరినీ దోచుకోలేదు, ఎక్కబోయే నౌక అతణ్ణి పంపిన సంస్థదే, దాని మీద అమెరికా అధికారమే చెల్లుతుంది. ఇన్ని అభ్యంతరాలున్నా ఆ బిరుదును వదులుకోవడానికి అతనికి మనసు రాదు, ఇంటికి చేరే దారి కోసం ఇసుక ఎడారి మీద బండి నడుపుకుంటూ తనను తాను ఆ పేరుతోనే పిలుచుకుంటాడు.